పక్క గదిలో నా దగ్గు

జూన్ 18

ఒరేయ్ తమ్ముడూ,

ముందు ఆశీస్సులు, తర్వాత తిట్లు. ఫోన్లోనే చెబుదామనుకున్నాను. కానీ ఫోన్లో అయితే నువ్వు ఊఁ కొడుతూ వేరే పని చేసుకుంటావు. ఉత్తరమైతే చచ్చినట్టు చదవాలి. అందుకే పెన్ను పట్టాను, నువ్వూ ఉత్తరమే రాయి.

మీ కంపెనీ కంప్యూటర్లు మా బడికి వచ్చాయి. మొత్తం ఇరవై ఎనిమిది. నా క్లాసు పక్క గదిలోనే పెట్టారు, మధ్యలో ఉన్నది చెక్క గోడ. ఆరో తరగతి పిల్లల్ని రెండుగా చీల్చారు. హాజరుపట్టీలో బేసి సంఖ్య వచ్చినవాళ్ళు నా దగ్గర, సరి సంఖ్య వచ్చినవాళ్ళు నీ మిషన్ల దగ్గర. ఏడాది పొడుగునా లెక్కలు ఇక్కడ నేను చెబుతాను, అక్కడ అవి చెబుతాయి. మార్చిలో అందరికీ ఒకటే పరీక్ష. ఎవరి పిల్లలకి ఎక్కువ మార్కులొస్తే ఇకమీదట బళ్ళో లెక్కలు చెప్పే పని వాళ్ళది. నేను ఓడిపోతే మెట్ల కింద సామాన్ల గదికి మారుస్తారట. గ్లోబులు, పటాలు, విరిగిన స్కేళ్ళు చూసుకుంటూ కూర్చోవాలి. ఇరవై ఆరేళ్ళు నిలబడి పాఠం చెప్పిన మోకాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి, నా అదృష్టం పండిందనుకో.

హెడ్‌ఫోన్లు కూడా ఇచ్చారు కానీ, వాడితే పాడైపోతాయని హెడ్మాస్టరు బీరువాలో పెట్టి తాళం వేశాడు. దాంతో ఇరవై ఎనిమిది మిషన్లూ బయటికే మాట్లాడతాయి, గోడ ఇవతల నాకన్నీ వినబడతాయి. ఇవాళ ఒకడు ఏడులో సగం పద్నాలుగు అన్నాడు. "అద్భుతమైన ప్రయత్నం" అంది మిషను. ఇంకొకడు బల్ల మీద తల పెట్టి నిద్రపోయాడు. వాడు లేచాక వాడితో కూడా మళ్ళీ కలిసినందుకు సంతోషం అంది. ఎవడి మీదా కోపమే రాని టీచరేం టీచరురా? పాపం, దానికి కాస్త కోపం కూడా పెట్టండి. మూడోసారి తప్పు చేస్తే నాలాగే సుద్దముక్క కింద పెట్టి, నిట్టూర్చి, బుర్ర ఇంట్లో మర్చిపోయి వచ్చావా అని అడగమను.

వేళకి తిను. నలిగిన చొక్కాతో ఆఫీసుకి వెళ్ళకు.

నీ అక్క


జులై 3

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం మధ్యాహ్నం భోజనం చేస్తూ చదివాను. సాయంత్రానికి అది మా మేనేజరు బల్ల మీద ఉంది. ఈ మిషను ఎప్పుడు ఏ మాట అనాలో రాసేది నేనేనని నీకు తెలుసుగా. కోపం పెట్టమన్న నీ సలహా ఆయనకి తెగ నచ్చింది. ఇంతమంది చదువుకున్నవాళ్ళం రెండేళ్ళుగా తలలు పట్టుకు కూర్చున్నాం, ఒక్కరికీ తట్టలేదు.

వారంలో పెట్టేశాం. ఇప్పుడు మూడో తప్పుకి మిషను సుద్దముక్క కింద పెట్టిన చప్పుడు చేస్తుంది, నిట్టూరుస్తుంది, పదకొండు సెకన్లు పలకదు, ఆ తర్వాత నీ మాట అంటుంది. నిట్టూర్పు ఎంతసేపుండాలన్న దాని మీద మూడు మీటింగులు జరిగాయి. మిషనుకి గొంతిచ్చే ఆవిడ నీ మాట విరుపు పట్టుబడేదాకా రెండు రోజులు నా పక్కన కూర్చుని నేర్చుకుంది. ఇక చూడు, పిల్లల తప్పులు అప్పుడే తగ్గుముఖం పట్టాయి.

నీ మోకాళ్ళ సంగతి చదివి మనసు తేలికపడింది. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని ఊరంతా తిరిగినదానివి. నిన్ను ఆ సామాన్ల గదిలో హాయిగా కూర్చోబెట్టేదాకా నేను ఊరుకోను. ఇంకా ఏం తడితే అది రాసి పంపు, మొహమాటపడకు.

నీ మాట జవదాటని తమ్ముడు


జులై 20

తమ్ముడూ,

నువ్వు బాగున్నావు, సంతోషం. నేను బాగాలేను.

సోమవారం నేను భిన్నాలు చెబుతున్నాను. గోడ అవతల నేనే ఎవణ్ణో తిట్టడం వినబడింది. నా పిల్లలు నా నోటి వంక చూశారు, అది మూసే ఉంది. ముందు బెంచీలో వాగుడుకాయ అని ఒకడున్నాడు. మీరు అక్కడ కూడా పనిచేస్తున్నారా టీచర్ అని అడిగాడు. లేదని చెప్పేలోపు అవతల నుంచి ఇంకో నాలుగు నిట్టూర్పులు వినబడ్డాయి.

పైగా ఈ జబ్బు ఇటువైపు కూడా అంటుకుంది. ఆటల గంటలో సరి పిల్లలు బేసి పిల్లలకి మిషను అలవాట్లన్నీ నేర్పుతున్నారు. ఇప్పుడు నా క్లాసులో లెక్క ఇస్తే చెయ్యెత్తి మొదటి సూచన అంటారు. చెబితే రెండో సూచన అంటారు. మూడో సూచన తర్వాత జవాబు నేనే చెప్పాలట, రూలట. నిన్న ఒక పిల్ల, నేను మాట్లాడుతుండగానే లేచి వచ్చి, నా మోచేతి మీద రెండుసార్లు నొక్కి వెళ్ళి కూర్చుంది. మొదట్నించీ చెప్పమని దానర్థం. నేను నోరెళ్ళబెట్టి మొదట్నించీ చెప్పాను.

ఇంకా ఎందుకురా దాపరికం, నా దగ్గు కూడా పెట్టెయ్యండి. పాఠం మధ్యలో నేను కళ్ళజోడు వెతుక్కోవడం పెట్టండి. మన బాబాయి మూడు పుచ్చకాయలు ఏడుగురికి పంచిన కథ పెట్టండి. అన్నీ దానికే ఇచ్చేస్తే నేను నిశ్చింతగా కాళ్ళు చాపుకుని పడుకుంటాను.

మండిపోతున్న
అక్క


ఆగస్టు 14

అక్కా,

నువ్వు మామూలు మనిషివి కాదు. మా ఆఫీసులో నీకు సగం జీతమివ్వాలి.

దగ్గు ఇరవై నిమిషాలకోసారి వస్తుంది. అది వచ్చినప్పుడల్లా కునుకుతున్న పిల్లలు ఉలిక్కిపడి లేచి లెక్క మొదలుపెడుతున్నారు. గొంతిచ్చే ఆవిడకి మాత్రం నిజంగానే దగ్గు పట్టుకుని వారం సెలవు పెట్టింది. కళ్ళజోడు సంగతి ఇంకా బాగా పనిచేసింది. మిషను నా కళ్ళజోడేదీ అని అడుగుతుంది, మూడు లెక్కలు తప్పులేకుండా చేస్తేగానీ దొరకదు. గంట కొట్టినా పిల్లలు కుర్చీల్లోంచి లేవడం లేదని మీ బడి నుంచే రిపోర్టు వచ్చింది.

బాబాయి కథ నాకు సరిగ్గా గుర్తులేదు, అప్పటికి నాకు ఆరేళ్ళు. కాయకి నాలుగు చొప్పున పన్నెండు ముక్కలు కోసి, ఏడుగురికి ఏడు ఇచ్చి, మిగిలిన అయిదూ తనే తిన్నాడని పెట్టాను. పొరపాటుంటే చెప్పు.

ఇంకో శుభవార్త. మీ హెడ్మాస్టరుకి నేనే ఉత్తరం రాశాను. నువ్వు ఆ సామాన్ల గది కోసం ఎంత ఆశగా చూస్తున్నావో వివరంగా చెప్పాను. దిండు వేసిన కుర్చీ ఒకటి నీకోసం లారీలో పంపాను, ఈపాటికి అందే ఉంటుంది.

నీ సుఖమే కోరే
తమ్ముడు


సెప్టెంబరు 2

ఒరేయ్,

కుర్చీ అందింది. పాఠం మధ్యలో ఇద్దరు మనుషులు దాన్ని నా క్లాసులోంచే మోసుకెళ్ళారు. పిల్లలు లేచి నిలబడ్డారు. మర్నాడు హెడ్మాస్టరు టీచర్లందరినీ పోగుచేసి, కొత్తతరానికి ఇష్టపూర్వకంగా దారిస్తున్న ఆదర్శ ఉపాధ్యాయిని అని నా గురించి పావుగంట మాట్లాడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఏం చెయ్యాలో తెలీక.

తమ్ముడూ, నేను ఎగతాళి చేశానురా. జూన్ నుంచీ ఎగతాళే చేస్తున్నాను. కోపం పెట్టమన్నది ఎగతాళి, దగ్గు పెట్టమన్నది ఎగతాళి, అదృష్టం పండిందన్నది అన్నిటికంటే పెద్ద ఎగతాళి. నాకా గది వద్దు, ఆ కుర్చీ వద్దు. మోకాళ్ళు నొప్పిపుడితే పుట్టనీ, నాకు నిలబడటమే ఇష్టం. భిన్నం అర్థమైన పిల్ల మొహం నువ్వెప్పుడూ చూడలేదు. ముందు కనుబొమలు దగ్గరికొస్తాయి, తర్వాత పెన్సిలు ఆగుతుంది, తర్వాత తలెత్తి నావైపు చూస్తుంది. ఆ చూపు కోసమే నేను రోజూ ఆ కిక్కిరిసిన బస్సెక్కుతాను. గ్లోబు నావైపు అలా చూడదు. నాకు భయంగా ఉందిరా. కొరివితో తల గోక్కున్నాను, నిప్పు ఊదింది నువ్వు.

ఇంకో సంగతి. బాబాయి మిగిలిన ముక్కలు తినలేదు. నీ పుణ్యమా అని పక్క గది పిల్లలు పదిహేడుని అయిదుతో భాగించి, జవాబు మూడు, మిగిలిన రెండూ బాబాయి తిన్నాడు అని రాస్తున్నారు. ఒక్కరు కాదు, ఇరవై ఎనిమిది మందీ. బాబాయి ఒక్కో కాయనీ ఏడు ముక్కలు కోశాడు. మనిషికి కాయకో ముక్క చొప్పున మూడు ముక్కలు, అంటే ఏడింట మూడు వంతులు. వెంటనే దిద్దు. పోటీ సంగతి తర్వాత, పిల్లలు తప్పు నేర్చుకోకూడదు.

అక్క


సెప్టెంబరు 19

అక్కా,

నాలుగు రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తున్నాను. చిన్నప్పుడు నువ్వు విసుగెత్తి, పో, ఆ వానలోనే కాపురం పెట్టు అంటే, దుప్పటి పట్టుకుని వానలోకి వెళ్ళినవాణ్ణి. నీ మాటల్లో ఏది వెటకారమో ఏది నిజమో నాకు అప్పుడూ తెలీలేదు, ఇప్పుడూ తెలీలేదు. నీకు మేలు చేస్తున్నానని మురిసిపోతూ నీ కాళ్ళ కిందే తవ్వాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు. బాబాయి లెక్క ఆ రోజే దిద్దేశాను. మిగతాదానికి కూడా ఒక దారి ఉంది. మీ బళ్ళో మిషన్లని నేను ఇక్కడ కూర్చునే మార్చగలను. కోపం, దగ్గు, కళ్ళజోడు, బాబాయి, అన్నీ తీసేసి పాత అద్భుతమైన ప్రయత్నమే పెట్టేస్తాను. మార్చి దాకా అవి అందరినీ మెచ్చుకుంటూ కూర్చుంటాయి. నువ్వు గెలుస్తావు, ఎవరికీ తెలీదు. సరే అని ఒక్క ముక్క రాయి చాలు.

ఈసారి మాత్రం ఎగతాళి చెయ్యకు అక్కా, దండం పెడతాను.

తమ్ముడు


సెప్టెంబరు 27

వద్దు.

ఇది ఎగతాళి కాదు. హాజరుపట్టీలో సరి సంఖ్య రావడం ఆ పిల్లలు చేసిన పాపమా? నా గది నిలబెట్టుకోవడానికి ఇరవై ఎనిమిది బుర్రలు మొద్దుబారితే, ఇటు గదిలో ఏ మొహం పెట్టుకుని నిలబడను? అదీ నా క్లాసేరా, మధ్యలో గోడ అడ్డమొచ్చిందంతే.

నీ మిషను భాగహారంలో తొందరపడుతోంది. పిల్లలు జారిపడేది సున్నా దగ్గర. నేనైతే అక్కడ కావాలనే సున్నా వదిలేసి, ఎవరో ఒకరు పట్టుకునేదాకా ఏమీ ఎరగనట్టు ఊరుకుంటాను. అది పెట్టు. గెలిస్తే దాన్ని దాని బలంతో ఉండగానే గెలుస్తాను.

గొంతిచ్చే ఆవిడని వేడినీళ్ళు తాగమను.

అక్క


మార్చి 30

తమ్ముడికి,

పరీక్ష అయింది. నా బేసి పిల్లల సగటు అరవై మూడు. నీ మిషన్ల సరి పిల్లల సగటు అరవై మూడు. నమ్మకం కుదరక మూడుసార్లు కూడి చూశారు. చివరికి లెక్కల్లో గట్టిదాన్నని నాచేతే కూడించారు. నేను చేసినా అంతే వచ్చింది.

పై ఆఫీసు నుంచి వచ్చిన ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. ఎక్కువ వచ్చినవాళ్ళు ఉండాలని రూలుంది, సమానమైతే ఏం చెయ్యాలో ఎవరూ రాసిపెట్టలేదు. మా హెడ్మాస్టరుకి తెలిసిన రూలు ఒక్కటే, సీనియారిటీ. రిజిస్టరు తెప్పించాడు. నేను చేరింది ఇరవై ఆరేళ్ళ కిందట, మిషన్లు చేరింది పోయిన జూన్లో. జూనియరు కదలాలి కనక మిషన్లని సామాన్ల గదికి బదిలీ చేస్తూ ఆర్డరు రాశాడు.

అక్కడితో ఆగాడా, వీడ్కోలు సభ కూడా పెట్టాడు. మర్యాదగా ఉంటుందని మిషన్లన్నీ ఆన్ చేసి వరసగా పెట్టించాడు. స్వల్పకాలంలోనే పిల్లల మన్ననలు పొందాయని మాట్లాడుతుండగా ఒక మిషను దగ్గింది. ఆయన ఆగి, మంచినీళ్ళు తెమ్మని మనిషిని పంపాడు. నువ్వు పంపిన కుర్చీలో ఇప్పుడు వాటన్నిటిలోకీ పెద్ద కంప్యూటరు కూర్చుంది.

సరి పిల్లలు నా గదిలోకి వచ్చేశారు. యాభై ఆరు మంది, బెంచీకి అయిదుగురు. ఊపిరాడట్లేదురా, ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. నీ మిషను ఓడిపోనందుకు కూడా సంతోషంగానే ఉంది, అదెందుకో మాత్రం అడక్కు.

గది దక్కిన
అక్క


ఏప్రిల్ 12

అక్కా,

నీ ఉత్తరం చదివి గట్టిగా నవ్వాను, పక్క బల్లల వాళ్ళు తిరిగి చూశారు. నవ్వడం అయ్యాక ఆలోచించాను. మార్కులు సమానం రాక ఇంకేమవుతాయి? రెండు గదుల్లోనూ పాఠం చెప్పింది నువ్వేగా. మనిషి మేలా మిషను మేలా అని ఏడాది పాటు పరీక్షపెట్టి, చివరికి నువ్వు నీతో సమానమని కనిపెట్టాం.

ఈ ముక్క మా మేనేజరుతో అన్నాను. ఆయనకి సమానం అన్న మాటొక్కటే వినబడింది. ఇరవై ఆరేళ్ళ అనుభవమున్న టీచరుతో సమానం అని పెట్టెల మీద అచ్చు వేయించాడు. నూట పన్నెండు బళ్ళు కావాలన్నాయి. జూన్ నుంచి నీ దగ్గు నూట పన్నెండు చోట్ల వినబడుతుంది. అక్కడ రెండు గదులూ పోటీలూ ఏమీ లేవు. లెక్కల టీచర్లని ముందే తీసి వేరే పనుల్లో పెడుతున్నారట. అక్కడ సీనియారిటీ రూలు ఎవరికీ గుర్తురాలేదు, వాళ్ళని ఎవరూ అడగనే లేదు.

నాకు ప్రమోషనిచ్చారు. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. ఈ ఉద్యోగం మానెయ్యనా అక్కా?

తమ్ముడు


ఏప్రిల్ 20

తమ్ముడూ,

మానెయ్యకు. నీ కుర్చీలోకి ఇంకొకడొస్తాడు, వాడికి అక్క ఉంటుందో ఉండదో.

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నించీ క్లాసులో మనసు నిలవడం లేదు. నా గది నాకు దక్కిందని పొంగిపోయాను. అవతల నూట పన్నెండు గదుల్లోంచి మనుషుల్ని లేపింది నేనే. వాళ్ళు నాకు తెలీదు, వాళ్ళకి నేను తెలీదు. నాకు నేను చెడ్డదానిలా కనబడుతున్నాను.

కనక ఒకటి అడుగుతాను, ఇందులో రవ్వంత కూడా వెటకారం లేదు. మూడో తప్పు దగ్గర నిట్టూర్పు అలాగే ఉంచు. ఆ తర్వాత తిట్టు తీసేసి ఈ మాట పెట్టు: "ఇది నాకు చేతకాదు. లేచి వెళ్ళి మీ టీచర్ని అడుగు." పిల్ల టీచరు దగ్గరికి వెళ్ళొచ్చి ఆ లెక్క సరిగ్గా చేసేదాకా తర్వాతి లెక్క చూపించకు.

ఇది మోసమనుకోకు. ఒకే లెక్క మూడుసార్లు తప్పు చేసిన పిల్లకి నాలుగోసారి అదే చెబితే ఎక్కదు. దాని మొహం చూసి ఇంకోలా చెప్పాలి. నీ మిషనుకి మొహం కనబడదు. లేనిదాన్ని లేదని చెప్పమంటున్నాను, అంతే.

అక్క


జులై 9

అక్కకి,

పెట్టేశాను. ఎవరినీ అడగలేదు, ఆ ప్రమోషను ఇందుకైనా పనికొచ్చింది.

మొదటి వారంలోనే తొంభై బళ్ళ నుంచి ఫిర్యాదులొచ్చాయి. మీ మిషను చేతకాదంటోంది, మనిషిని పంపి బాగుచేయించండి అని. రెండో వారం ఇంకో రకం ఫిర్యాదులు. ఒక బళ్ళో లెక్కల ఆయన్ని ఉత్తరాలకి స్టాంపులంటించే పనిలో పెట్టారట, ఆయన బల్ల చుట్టూ పిల్లలు పుస్తకాలు పట్టుకుని నిలబడుతున్నారు. పోస్టు కదలడం లేదు. ఇంకో బళ్ళో పిల్లలు బయటికి పోకుండా హెడ్మాస్టరు తలుపు గడియ పెట్టించాడు. మిషన్లన్నీ కలిసి మొండికేశాయి, ఒక్కటీ తర్వాతి లెక్క చూపించలేదు. రెండో రోజు ఆయనే వెళ్ళి టీచర్ని బతిమాలి తీసుకొచ్చాడు.

మా మేనేజరు నన్ను పిలిచి దాన్ని తక్షణం తీసెయ్యమన్నాడు. తీసేస్తాను, ఒక్కసారి ఈ నెల మార్కులు చూడండి అన్నాను. చూశాడు, అనుకున్నదానికంటే ఎక్కువే ఉన్నాయి. ఇప్పుడు పెట్టెల మీద కొత్త వాక్యం అచ్చవుతోంది, ఈ మిషనుకి వినయం కూడా ఉంది అని.

దీనితో ఒక ఉత్తరం జతచేస్తున్నాను. కవరు మీద మిషను గారికి అని ఉంది, అందుకని తిరిగి తిరిగి నా బల్ల మీదికి చేరింది. పద్దెనిమిదేళ్ళ సర్వీసున్న ఒక టీచరమ్మ రాసింది. నువ్వు చదివేలోపే నేనిక్కడ ఎత్తి రాయకుండా ఉండలేకపోతున్నాను.

"మిషను గారూ, నన్ను సైకిళ్ళకి కాపలా పెట్టినప్పుడు మీ మీద చాలా కోపమొచ్చింది. ఇవాళ పొద్దున పదకొండు మంది పిల్లలు మీరు పంపారని చెప్పి నా దగ్గరికొచ్చారు. సైకిళ్ళ మధ్యే నిలబడి అందరికీ చెప్పాను. చేతకాదని మీరొక్కరే ఒప్పుకున్నారు, ఇక్కడ ఇంకెవరూ ఒప్పుకోలేదు. ఇంత మంచి మర్యాద మీకు నేర్పిన టీచరెవరో తెలుసుకోవాలని ఉంది. ఆవిడ ఇంకా పాఠం చెబుతున్నారా?"

జవాబు నాకు తెలుసు అక్కా. కానీ అది నువ్వే రాయాలి.

నీ తమ్ముడు